కళ్లు మండని ఉల్లిగడ్డలు

కిష్టమ్మ కంట నీళ్లు రావు. కొత్తపేటలో ఆమె కిరాయికుండే గల్లీలో ఈ సంగతి పాలవాడి నుంచి ఇంటి ఓనరు దాకా అందరికీ తెలుసు. బస్తా ఉల్లిగడ్డలు ముందర పోసి కత్తిపీట ఇచ్చారనుకోండి, సీరియల్ చూస్తున్నంత సుఖంగా కోసి అవతల పడేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు కొంగులూ చున్నీలూ తడుపుకుంటూ ఒక్కొక్కరే లేచిపోతారు. ఆమె మాత్రం మధ్యలో ఒకసారి ఆగి, బొడ్లోంచి నస్యం డబ్బీ తీసి, రెండు ముక్కుల్లోకీ చెరో చిటికెడు ఎక్కించి, మళ్లీ పనిలో పడుతుంది.

దేవరకొండ అవతలి పల్లె నుంచి పట్నం వచ్చిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్ మెస్‌లో చేరింది. కోచింగ్ కోసం వచ్చిన పిల్లలు పరీక్షల భయంతో మంచాల మీద పడి ఏడ్చి, తర్వాత వంటింట్లోకొచ్చి ఏడ్వని కిష్టమ్మను చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు. ఒకడైతే పోలీసు ఉద్యోగం పరీక్షకు పోతూ ఆమె కాళ్లకు మొక్కి పోయాడు. ఉద్యోగం రాలేదు. ఆమె కాళ్ల తప్పేమీ లేదు, వాడు చదవలేదు.

భర్త పోయినరోజు కూడా ఆ కళ్లు పొడిగానే ఉన్నాయి. లోపల ఏం ఉడికిందో ఎవరికీ తెలియదు గానీ బయటికి చుక్క రాలేదు. "ఉల్లిగడ్డలే ఏడిపియ్యలే, మా అన్న ఏం ఏడిపిస్తడు" అని ఆడబిడ్డ నలుగురిలో అనేసింది. కిష్టమ్మ మర్నాడే కంటి దవాఖానకు పోయింది. కళ్లలో ఊట తక్కువుందమ్మా అని డాక్టరు చుక్కల మందు రాశాడు. ఆ మందు ఆమె ఇప్పటిదాకా కొనలేదు. ఎవరైనా రాతిగుండె అంటే మాత్రం, "తప్పు కండ్లది, గుండెది కాదు. డాక్టరే చెప్పిండు" అని తలెత్తుకుని చెబుతుంది.

హాస్టల్ మూతపడ్డాక జోగారావు దగ్గర చేరింది. జోగారావుది గోదావరి జిల్లా. ఎల్బీనగర్‌లో పాతికేళ్లుగా స్థిరపడిన వంటమేస్త్రి. పొట్ట, పగడపు ఉంగరం, కూర రుచి చూసి కళ్లు మూసుకుని "ఊఁ" అనే అలవాటు, ఒక మేస్త్రికి ఉండవలసినవన్నీ ఉన్నాయి. ఒక్కటే లోపం. ఉల్లిపాయ పడదు. గుమ్మం అవతల ఎవరైనా ఉల్లిపాయ కోస్తే, గుమ్మం ఇవతల ఈయన ముక్కు ఎర్రబడి, కళ్లు కుళాయిలవుతాయి. నీళ్లంటే భయపడే ఈతగాడు ఎలాంటివాడో ఈయనా అలాంటి మేస్త్రి. కిష్టమ్మ చేరాక ఆ బాధ తీరింది. ఆమె అన్నీ కోసి, వేయించి, వాసన చల్లారాక కబురు పెడితే అప్పుడు గరిటె పట్టుకుని ప్రవేశించేవాడు. పేరంతా గరిటెకే పోయేది.

ఇలా ఎంతకాలమైనా నడిచేదే. నడవనిచ్చింది కాదు కిష్టమ్మ. ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి వంట జరుగుతుండగా, "మేస్త్రీ, కూరల ఉప్పు జర ఎక్కువైంది" అంది, పెళ్లివారు వింటుండగా.

జోగారావు గరిటె గాల్లోనే ఆపాడు. "కోసేదానివి కొయ్యి కిష్టమ్మా. వండేది నేను చూసుకుంటాను కదా. ఉల్లిపాయలు కోసినోళ్లందరూ మేస్త్రీలైపోతే ఈ ఊళ్లో గరిటెలు సరిపోవు."

"గట్లనా? అయితే నా గరిటె నేనే కొనుక్కుంట తియ్" అని కత్తిపీట చంకలో పెట్టుకుని, పెళ్లి భోజనం కూడా చేయకుండా నడిచి వచ్చేసింది. గరిటె నిజంగానే కొంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర, మనిషెత్తులో సగం ఉన్నది. రెండు నెలలు అది గోడకు ఆనించే ఉంది. కోసే కిష్టమ్మ అందరికీ తెలుసు. వండే కిష్టమ్మను నమ్మి వంట బగోనె అప్పజెప్పేవాళ్లు దొరకలేదు.

చివరికి దొరికింది బాలమ్మ. సరూర్‌నగర్ చెరువు దగ్గరి బస్తీలో ఉంటుంది. ఆమె భర్త పౌలు బస్ డిపోలో మెకానిక్‌గా ఏప్రిల్ ఆఖరున రిటైర్ అవుతున్నాడు. మర్నాడు మే డే సెలవు, ఇంటిముందు టెంటు వేసి మధ్యాహ్నం దావత్. మటన్, బగారన్నం, పచ్చిపులుసు. బాలమ్మ ఒక షరతు పెట్టింది.

"మా తమ్ముడు జోయల్ చేన్ల తెల్ల ఉల్లిగడ్డ ఏసిండు. గవ్వే వండాలె. చుట్టాలందరికి ఫోన్ చేసి చెప్పిన, మా తల్లిగారి ఉల్లిగడ్డ తిందురు రాండ్రి అని. బగోనెల ఒక్క ఎర్ర ఉల్లిగడ్డ కనవడ్డదనుకో, నేను మంచిదాన్ని కాదు."

"నీ ఉల్లిగడ్డ నీదే వదినె. నా చెయ్యి నాది. మధ్యల ఇంకొకటి రాదు" అని మాటిచ్చింది కిష్టమ్మ. ఈ ఒక్క దావత్ నిలబడితే ఆమె మేస్త్రి. పడిందంటే జోగారావు అన్నమాట నిజమవుతుంది, మళ్లీ కత్తిపీట చంకలో పెట్టుకుని ఆయన గుమ్మం ఎక్కాలి. ఆమెకు అంతకన్నా చావు మేలు.

ముందురోజు జోయల్ ఆటోలో ఉల్లిగడ్డలు తెచ్చి కిష్టమ్మ గదిలో మూలకు కుప్ప పోసి పోయాడు. ఆమె మసాలాలు తేవడానికి బజారుకు వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి ఆమె తమ్ముడు సీతారాములు దిగాడు.

సీతారాములు అక్కంటే ప్రాణమిచ్చే మనిషి. పొయ్యిల దగ్గర నిలబడీ నిలబడీ మడమల కింద ఆనెలు లేచాయని ఆమె ఫోన్లో ఒకసారి మూలిగితే, గుట్టెక్కి అడవి ఉల్లిగడ్డలు తవ్వుకొచ్చాడు. వాటిని నిప్పుల మీద కాల్చి మడమకు కడితే ఆనెలు మెత్తబడతాయని వాళ్ల ఊళ్లో అందరూ చేసే వైద్యమే. రెండు మడమలకు ఎన్ని కావాలో లెక్క తెలియక ఒక ఎరువుల సంచి నింపుకొచ్చాడు. అక్క లేదు. ఓనరమ్మ తాళం తీసింది. గడ్డలు ఉంచి పోవచ్చు, కానీ సంచి ఉంచి పోవడానికి మనసొప్పలేదు. సంచి గట్టిది, వానాకాలం వస్తోంది, నెత్తిన కప్పుకోవడానికి అంత మంచిది మళ్లీ దొరకదు. చూస్తే మూలన కుప్ప ఉండనే ఉంది. ఉల్లిగడ్డల మీద ఉల్లిగడ్డలే కదా అని గడ్డలన్నీ అక్కడ గుమ్మరించి, సంచి దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకుని ఎల్బీనగర్‌లో బస్సెక్కి పోయాడు. ఫోన్ చేద్దామనుకున్నాడు. చార్జింగ్ లేదు.

కిష్టమ్మ వచ్చి టీవీ పెట్టుకుని తొక్క తీయడానికి కూర్చుంది. కొన్ని గడ్డలు చేతిలో జారుతున్నాయి, జిగురుగా ఉన్నాయి. "గీ జోయల్‌గాడు ఉల్లిగడ్డలకు నీళ్లు పెట్టిండా, నీళ్లల్ల ఉల్లిగడ్డలు పెట్టిండా" అని రెండుసార్లు తిట్టింది. సీరియల్లో అత్త కోడలి పాలల్లో ఏదో కలుపుతోంది. కళ్లు అక్కడుంటే చేతుల పని చేతులు చేశాయి. తల కోయడం, వేరు కోయడం, తొక్క లాగడం, టబ్బులో వేయడం. వాసన పట్టే ముక్కును నస్యం ఎప్పుడో తినేసింది. మంట తెలిసే కళ్లు డాక్టరు చెప్పినట్టు ఎండిపోయాయి. పొయ్యిసెగకు కాసిపోయిన ఆ వేళ్లకు దురద కూడా తెలియదు. మొత్తం రంగారెడ్డి జిల్లాలో ఆ గడ్డల్లో తేడా కనిపెట్టలేని మనిషి ఒక్కరే ఉన్నారు. గడ్డలన్నీ పోయి ఆమె చేతిలోనే పడ్డాయి.

పొద్దున్నే రెండు టబ్బులు ఆటోలో సరూర్‌నగర్ చేరాయి. పౌలు ఇంటి వెనకవైపు ఖాళీ జాగాలో వంట భట్టీలు పెట్టారు. పౌలు చిన్నకూతురు జోస్నా పక్కన పీట వేసుకుని, "అత్తా, నేను గూడ కోస్త, అమ్మ కుర్చీలు ఎయ్యమంటుంది" అని కత్తి పట్టుకుంది. డిగ్రీ రెండో ఏడు. చెట్ల చదువు. ఆ చదువులో ఒక పేపర్ రెండుసార్లు పోయింది.

కాసేపయ్యాక జోస్నా ముఖం వెలిగిపోయింది. "అత్తా, చూడు! నాకు గూడ నీళ్లు వస్తలేవు. నేను నీ లెక్కనే అయిన."

"అయితవు బిడ్డా. ఓపిక ఉంటే అందరు అయితరు" అని కిష్టమ్మ గురువులాగా తల ఊపింది.

ఆ తర్వాత గడ్డకు జోస్నా బావురుమంది. దాని తర్వాతి దానికి ఏమీ కాలేదు. మళ్లీ ఏడ్చింది. మళ్లీ మామూలు. కత్తి పక్కన పెట్టి మోచేతుల దాకా గోక్కోవడం మొదలుపెట్టింది.

"అత్తా, గిదేంది? ఒకటి ఏడిపిస్తుంది, ఒకటి ఏడిపిస్తలేదు. చేతులు చూడు, ఎట్ల దద్దుర్లు లేసినయో."

ఏడిపించని గడ్డ ఒకటి తీసుకుని పొరలు విడదీసింది. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య సాలీడు దారాల్లాంటి జిగురు తీగలు సాగాయి. ఏడిపించే గడ్డను విడదీసింది. టక్కున ఊడి వచ్చింది, తీగల్లేవు. జోస్నా ఫోన్ తీసి వెతికింది. వెతుకుతుంటే ముఖంలో రంగు దిగిపోయింది.

"అత్తా, గివి అన్ని ఉల్లిగడ్డలు కాదు. సగం నక్క ఉల్లి. అడవిలది. తింటే వాంతులు, గుండె దడ."

అడవిది అన్నమాట వినగానే ఊళ్లో ఆనెలకు కట్టే గడ్డలు గుర్తొచ్చి కిష్టమ్మ తమ్ముడికి ఫోన్ కలిపింది.

"అక్కా! ఆనెలకు కట్టినవా?" అన్నాడు సీతారాములు సంబరంగా.

"నువ్వెప్పుడొచ్చినవ్‌రా? గడ్డలు యాడ పెట్టినవ్?"

"నీ ఉల్లిగడ్డల మీదనే పోసిన. పాడుగావని గాలి తగిలేటట్టు మంచిగ కలిపి గూడ పెట్టిన."

"కలిపినవా!"

"సంచి నాకు కావాలె గదక్కా."

ఆ మాటకు జవాబుగా కిష్టమ్మ అన్నవి సరూర్‌నగర్ బస్తీలో కూడా మామూలుగా వినపడేవి కావు. ఫోన్ పెట్టేసి చూస్తే, బాలమ్మ టెంటు కింద చుట్టాలకు చెబుతున్నది ఇక్కడికి వినపడుతోంది. "మా తల్లిగారి ఉల్లిగడ్డలు, తెల్లటియి, చక్కెర లెక్క ఉంటయ్."

"కోసినయన్ని బొంద తవ్వి అండ్ల పోద్దాం. కొయ్యనియి ఏరుదాం. నువ్వు చదువుకున్నవ్ గద, చెప్పు, ఏది ఉల్లి, ఏది నక్క?" అంది కిష్టమ్మ గొంతు తగ్గించి.

జోస్నా రెండుసార్లు పోయిన పేపరును గుర్తు చేసుకుంది. "ఉల్లి ఆకైతే గొట్టం లెక్క బోలుగుంటది. నక్క ఉల్లిది పట్టీ లెక్క చదునుగుంటది."

"ఆకు లేదు."

"పువ్వు చూస్తే ఇంక సులువు. ఉల్లిదైతే కాడ కొసకు బంతి లెక్క ఒక్కకాడనే పూస్తది. దానిదైతే పొడుగు కాడకు కింది నుంచి మీదికి ఒక్కొక్కటి."

"పువ్వు యాడికెల్లి తేవాలె ఇప్పుడు?"

"పోనీ పైతొక్క. ఉల్లిది కాగితం లెక్క గలగలంటది. దానిది మందంగుంటది. మెడ, వేరు గూడ తేడా ఉంటయ్." జోస్నా టబ్బుల్లోకి చూసింది. తొక్క తీసి, తల కోసి, వేరు కోసి, కడిగి, గుడ్లలాగా నున్నగా మెరుస్తున్నాయి అన్నీ. "అత్తా, ఆనవాళ్లు అన్నిటిని నువ్వే కోసి పారేసినవ్ కదనే!"

కిష్టమ్మ తన చేతులకేసి తనే కోపంగా చూసుకుంది.

మిగిలింది వాసన, కళ్లమంట. జోస్నా నాలుగు గడ్డలు వాసన చూసేసరికి ముక్కు మొద్దుబారి అన్నీ ఉల్లిగానే తోచాయి. కళ్లు ఒకసారి మొదలయ్యాక ఆగడం లేదు, టమాట చూపించినా కారుతున్నాయి. కిష్టమ్మ ముక్కూ కళ్లూ ఎందుకూ పనికిరావు. ఉల్లి దగ్గరికొస్తే వెంటనే ఏడ్చి, ఉల్లి కాకపోతే ఏడ్వని మనిషి కావాలి. కచ్చితంగా ఏడ్చే మనిషి. నమ్మదగ్గ ఏడుపు ఏడ్చే మనిషి.

అలాంటి మనిషి పేరు తెలిసినందుకు కిష్టమ్మకు ఒళ్లు మండింది. నస్యం ఒక చిటికెడు ఎక్కువే ఎక్కించి, నంబరు నొక్కింది.

"మేస్త్రీ, జర సరూర్‌నగర్ దాక రావాలె."

"ఏం, కూర మాడిందా?" అవతలి గొంతులో నెయ్యి కరుగుతోంది.

"మాడితే నిన్నెందుకు పిలుస్త, కుక్కల్ని పిలుస్త. నీతోని వేరే పనుంది. రా."

జోగారావు స్కూటీ మీద ఎగిరినట్టే వచ్చాడు. మునిగే పడవను ఒడ్డున నిలబడి చూడాలని ముచ్చటపడి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు. సంగతి విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే, నేను ఏడవాలన్నమాట."

"అవు. గదొక్కటే నీకు మంచిగ వస్తది."

"ఏడుస్తాను. ఎందుకేడవను? కానీ రేపట్నుంచి నువ్వు మళ్లీ నా దగ్గర కోతకి రావాలి. ఒప్పుకుంటే ఏడుపు, లేకపోతే నా దారి నాది."

"ముందుగాల ఏడువు మేస్త్రీ. మిగిలింది దావత్ అయినంక మాట్లాడుదాం" అంది కిష్టమ్మ. ఆ మాటను ఆయన ఒప్పందమనుకున్నాడు. ఆమె అనుకోలేదు.

వెనకజాగాలో పరీక్ష మొదలైంది. జోగారావు కుర్చీలో. ఎదురుగా టేబుల్ ఫ్యాన్. కిష్టమ్మ గడ్డను రెండుగా చీల్చి ఆయన ముక్కు కిందికి తెస్తుంది. ముక్కు ఎర్రబడి, గడ్డం వణికి, నీళ్లు దుంకితే అది జోయల్ చేను ఉల్లి. ఆయన "ఏమీ లేదు" అని అమాయకంగా చూస్తే నక్క ఉల్లి. జోస్నా ఆ మీదట పొర విడదీసి తీగలు ఉన్నాయో లేదో రెండోసారి చూస్తుంది. రెండు సాక్ష్యాలూ ఉల్లే అంటేనే మళ్లీ కడిగి బగోనెకు. లేకపోతే బొందలోకి. ఒక్కో ఏడుపుకూ మధ్య ముఖం కడిగి, తువ్వాలుతో తుడిచి, ఫ్యాన్ గాలి తగిలించి ఆయనను మళ్లీ పొడిగా చేయాలి.

"మేస్త్రీ, ఇది?"

"వా... వచ్చేసిందే... ఉల్లే, ఉల్లే!"

"ఇది?"

"ఇది... చల్లగా ఉంది. ఇలాంటివే పెట్టు, ప్రాణం లేచొస్తోంది."

"అంకుల్ బెస్ట్. మా ల్యాబ్‌ల గూడ గింత మంచి మిషన్ లేదు" అంది జోస్నా. తనకు మాత్రం ఆ పేపరు ఇవాళే మొదటిసారి అర్థమవుతోంది.

పాపం, తువ్వాలు సంగతి ఎవరూ గమనించలేదు. ఏడ్చిన ప్రతిసారీ దాంతోనే తుడుచుకుంటున్నాడు, గడ్డ తగిలిన చేతులూ దాంతోనే తుడుచుకుంటున్నారు. సగం పరీక్ష అయ్యేసరికి ఆ తువ్వాలు ఉల్లిరసంలో ఊరిపోయింది. ఆఖరి గడ్డ దాకా ఎలాగో లాక్కొచ్చారు. అది తేలగానే ఆయన తువ్వాలు ముఖానికి అద్దుకుని "అమ్మో" అని లేచి, కళ్లు కనపడక, కుళాయి ఎక్కడుందో తెలియక, గోడ పట్టుకుని నడిచీ నడిచీ సరిగ్గా టెంటు మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు.

అక్కడ పౌలు దండ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం మాడిపోయి ఉంది. నిన్న డిపోలో సన్మానం చేశారు, శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు, సమోసాలు తిన్నారు, ఎవరిదారిన వాళ్లు పోయారు. ముప్పై ఏళ్లు బస్సుల కింద పడుకున్న మనిషి పోతుంటే ఒక్కడి కన్ను తడవలేదు. ఎవరైనా ఏడిస్తే ఓదార్చడానికని ఇస్త్రీ కర్చీఫ్ కూడా జేబులో పెట్టుకుపోయాడట. మడత విప్పే పని పడలేదు. ఇవాళ చుట్టాలూ అంతే. మైకులో ప్రసంగం నడుస్తుంటే బగారన్నం వాసన ఎటు నుంచి వస్తోందో చూస్తున్నారు.

అలాంటి పౌలు ఎదురుగా, ఎన్నడూ చూడని పెద్దమనిషి ఒకాయన, ఇస్త్రీ చొక్కా తడిసిపోయేలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

పౌలు లేచి నిలబడ్డాడు. "అన్నా... నువ్వెవరో నాకు గుర్తొస్తలేదు. నీ బస్సు ఎన్నడన్న బాగుచేసిన్నా?"

"కుళాయి... కుళాయెక్కడండీ..." అంటున్నాడు జోగారావు. ఏడుపులో అది ఎవరికీ తెలియలేదు. పౌలు ఆయనను గట్టిగా కౌగిలించుకుని, నిన్నటి నుంచీ మడత విప్పని ఆ కర్చీఫ్ తీసి కళ్లు తుడిచాడు. మెడలో దండ తీసి ఆయన మెడలో వేశాడు. మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టాడు.

జోగారావుకు ఏమీ కనపడలేదు గానీ మైకు ముందు మర్యాద తెలిసినవాడు. "పౌలు గారి గురించి... నేనేం చెప్పగలనండీ..." అన్నాడు. అది అక్షరాలా నిజం. ఆపైన అలవాటు కొద్దీ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. దాంతో మాట పూర్తిగా పోయి, మైకులో ఏడుపు ఒక్కటే బస్తీ అంతా వినపడింది.

మొదట బాలమ్మ ఏడ్చింది. "ఇంతమంది సొంతోళ్లున్నరు, ఒక్కరన్న ఏడ్చిండ్రా? వంటకాడికొచ్చినాయన ఏడుస్తుండు!" అని చుట్టాలను తిట్టేసరికి సిగ్గుపడి వాళ్లూ ఏడ్చారు. పాస్టర్ గారు కళ్లద్దాలు తీశారు. పౌలు అందరికంటే ఎక్కువ ఏడ్చి, అందరికంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

వెనకనుంచి ఇదంతా చూసిన కిష్టమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నవ్వకు పిల్లా, అటు పోయి నవ్వు" అని జోస్నాను గిల్లి, గరిటె అందుకుంది. ఇప్పుడామె చేతిలో ఉన్నవి ఏడుపుతో పరీక్ష చేసిన ఉల్లిగడ్డలు. నూనెలో వేస్తే బంగారంలాగా తేలాయి. జోయల్ వ్యవసాయాన్ని నిన్న తిట్టిన తిట్లు మనసులోనే వెనక్కి తీసుకుంది. ప్రసంగాలు ఏడుపులతో సాగడం ఆమెకు కలిసొచ్చింది. పోయిన పొద్దు అక్కడ తిరిగొచ్చింది. ప్రార్థన అయ్యేసరికి మటన్ దిగింది, అన్నం దిగింది, పచ్చిపులుసు మీద తెల్లటి ముక్కలు తేలుతున్నాయి.

దండతో సహా జోగారావును పౌలు పక్కనే కూర్చోబెట్టి వడ్డించారు. ఆయన ముందు కూర కొంచెం నాలుకకు తగిలించుకున్నాడు. అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాడు. అలవాటైన "ఊఁ" మాత్రం రాలేదు. రెండోసారి వేయించుకున్నాడు. మూడోసారి గిన్నె తనవైపు జరుపుకున్నాడు.

అప్పుడొచ్చాడు జోయల్, చేతులు కట్టుకుని. "అన్నా, మీరు మా బావ కోసం ఏడ్సుడు చూసిన. మనిషంటే గట్లుండాలె. కోసుడు కిష్టమ్మ కోసినా, వండుడు మీరే ఇంత మంచిగ వండిండ్రు. వచ్చే నెల మా బిడ్డ పెండ్లి. వంట మీరే చేయాలె."

వడ్డించే కిష్టమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఒక్క "అలాగేనండి" చాలు. ఈ దావత్ ఆయనదైపోతుంది. కూరా ఆయనదే, పెళ్లీ ఆయనదే, రేపు పొద్దున ఆమె కత్తిపీట కూడా ఆయన గుమ్మంలోనే. ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది.

జోగారావు ఆమెను చూశాడు. విస్తరిని చూశాడు. అబద్ధమాడటం ఆయనకు తెలియని విద్య కాదు, పెళ్లిళ్లలో రోజూ ఆడేదే. కానీ నోట్లో అంత మంచి ముద్ద పెట్టుకుని ఆడటం ఎప్పుడూ అలవాటు లేదు.

ముద్ద మింగి, "నేను కాదండీ" అన్నాడు. "మేస్త్రి ఆవిడ. కిష్టమ్మ. కావాలంటే ఆవిణ్ణి అడగండి. నేను ఉల్లిపాయల దగ్గరుంటాను."

జోయల్ అటూ ఇటూ చూశాడు. "ఉల్లిగడ్డల కాడ మీరేం జేస్తరు?"

"ఏడుస్తానండి" అన్నాడు జోగారావు, నాలుగోసారి కూర కోసం గిన్నెలోకి చూస్తూ.

కిష్టమ్మ గిన్నెలో ఉన్న కూరంతా ఆయన విస్తరిలో వంచేసింది. "ఉప్పు ఎట్లుంది మేస్త్రీ?" అంది.

"బాగుంది" అన్నాడాయన. "కొంచెం తక్కువే వేశావ్. అదే బాగుంది."

జోయల్ కూతురి పెళ్లి వంట కిష్టమ్మే చేసింది. నక్క ఉల్లి కలిస్తే ఇట్టే తెలిసేలా, ఎర్ర ఉల్లిగడ్డలతోనే. జోగారావు ఆ రోజు ఏడ్వలేదు, ఆయనకు గేటు దగ్గర కుర్చీ వేసి, పెళ్లివాళ్లతో మాట్లాడే పని ఇచ్చింది. మాటలు ఆయనకు బాగా వస్తాయి.

పెళ్లికి ముందే ఇంకొకటి జరిగింది. సీతారాములు గుమ్మరించిన వాటిలో ఒక్క గడ్డ కత్తికి దొరక్కుండా కిష్టమ్మ మంచం కిందికి దొర్లిపోయింది. మట్టి లేదు, నీళ్లు లేవు, అయినా మే నెల మధ్యలో ఆకు ఒక్కటి కూడా లేకుండా కర్రలాంటి కాడ ఒకటి పైకి లేపింది. కబురందుకుని జోస్నా పరుగెత్తుకొచ్చింది. సాయంత్రం అవుతుండగా కాడ పొడుగునా కింది నుంచి మీదికి ఒక్కో పువ్వే విచ్చుకుంటుంటే, నేల మీద పడుకుని ఫోటోలు తీసింది.

"అత్తా, చూసినవా? ఆరు రేకలు. కొసకు బంతి లేదు, ఒక్కొక్కటే పూస్తుంది. నక్క ఉల్లే! నేను చెప్పింది కరెక్టే!"

"గీ పువ్వు ఆనాడు పూస్తే నాకు ఈ పరేషానే లేకపోవు" అంది కిష్టమ్మ.

అదే సమయానికి ఏదో పని మీద వచ్చిన జోగారావు గుమ్మం బయటే ఆగి, జాగ్రత్తగా రెండుసార్లు గాలి పీల్చాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఉల్లి కాదు" అని నమ్మకంగా చెప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. సీతారాములు.

"అక్కా, ఆనెలు తగ్గినయా? తగ్గకపోతే చెప్పు, గుట్ట మీద ఇంకా శానా ఉన్నయ్. ఇంకో సంచి తెస్త."

కిష్టమ్మ మడమ రుద్దుకుంది. ఆనెలు అలాగే ఉన్నాయి. వాటిని ఎవరు పట్టించుకున్నారు గనక.

"తే రా" అంది. "కానీ ఈసారి సంచి గూడ ఈడనే ఇడిసిపెట్టి పో."